మొదటి వెబ్ సర్వర్: నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయి?

(నల్లగొండలో చివరి ఏడాది ఇంజినీరింగ్, డిగ్రీ విద్యార్థులతో ఒక బ్యాకెండ్ డెవలపర్, అంటే వెబ్‌సైట్ల వెనక నడిచే ప్రోగ్రామ్‌లు చూసుకునే ఆవిడ, మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఆమె మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లకు వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యి ఎత్తండి, ఆగుతాను. ముందు వరసలో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లు వచ్చి కూర్చోండి. ఏం కాదు, ప్రశ్నలు అడగను. అడిగినా మార్కులు లేవు.

ఒకటి చెప్పండి. 'సర్వర్ డౌన్' అనే మాట విననివాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? లేరు. సర్టిఫికెట్ కోసం పోతే సర్వర్ డౌన్. ఫీజు కట్టడానికి పోతే సర్వర్ డౌన్. మా అమ్మమ్మ బడి మొహం చూడలేదు, ఆమెకు కూడా తెలుసు ఈ మాట. పింఛన్ కోసం వేలిముద్ర పెట్టడానికి పోయి, ఎండలో తిరిగొచ్చి, "సర్వర్ పండుకున్నదట బిడ్డా" అనేది. సరే, ఆ పండుకున్నది ఏంది? ఎక్కడ పండుకుంది? ఎవరు లేపాలి? ఇవాళ నేను మాట్లాడేది ఆ మూడు ప్రశ్నల గురించే. మీ చేత ఒక సర్వర్ లేపిస్తాను. తర్వాత దాన్ని పండబెట్టిస్తాను. పండబెట్టడం వస్తేనే లేపడం వస్తుంది, మధ్యలో చూద్దురుగాని.

సర్వర్ అనగానే కళ్ల ముందు ఏం కనిపిస్తుంది? చల్లటి గది, నల్లటి బీరువాలు, మినుకుమినుకుమనే లైట్లు. అది అబద్ధం కాదు. కానీ ఆ బీరువాలోంచి ఒక మిషన్ తీసి మీ ఒళ్లో పెడితే అది సర్వర్ అయిపోతుందా? కాదు. సర్వర్ అంటే ఒక ప్రోగ్రామ్. చెవి పెట్టి కూర్చునే ప్రోగ్రామ్. ఎవరో వచ్చి అడగాలి, అది జవాబివ్వాలి, మళ్లీ చెవి పెట్టి కూర్చోవాలి. అంతే దాని బతుకు. అది ఏ మిషన్ మీద నడిస్తే ఆ మిషన్‌ను కూడా వాడుకలో సర్వర్ అనేస్తాం. ప్రపంచంలో మొదటి వెబ్ సర్వర్ ఎక్కడ నడిచిందో తెలుసా? 1990లో, స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో, టిమ్ బెర్నర్స్ లీ బల్ల మీది నెక్స్ట్ అనే కంప్యూటర్‌లో. మామూలు ఆఫీసు కంప్యూటరే. దాని మీద ఒక కాగితం అతికించి ఎర్ర సిరాతో రాసుకున్నాడాయన: ఈ మిషన్ సర్వర్, ఆపెయ్యొద్దు అని. మన ఇళ్లల్లో స్విచ్ బోర్డు మీద 'ఫ్రిజ్, ఆపవద్దు' అని ప్లాస్టర్ వేసి రాస్తాం కదా, అదే. ఎవరో ఊడ్చేటప్పుడు ప్లగ్గు పీకేస్తే వెబ్ మొత్తం పోయేది ఆ రోజుల్లో.

ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు తెరవండి. లేనివాళ్లు పక్కవాళ్ల దాంట్లో తొంగి చూడండి. ఒక కొత్త ఫోల్డర్ చేసి, అందులో ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అనే ఫైలు పెట్టి, మీ పేరు రాయండి. ట్యాగులు కూడా అక్కర్లేదు, ఉట్టి పేరు చాలు. ఇప్పుడు టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి స్క్రీన్ మీద ఉన్నది కొట్టండి: పైథాన్3, మైనస్ ఎమ్, హెచ్‌టీటీపీ డాట్ సర్వర్, 8000. విండోస్ వాళ్లు 3 తీసేసి ఉట్టి పైథాన్ అని కొట్టండి. ఎంటర్.

ఏమైంది? ఏదో ఒక లైన్ వచ్చి కర్సర్ ఆగిపోయింది. చాలామంది ఇక్కడే హ్యాంగ్ అయిందనుకుని కంట్రోల్ సీ నొక్కేస్తారు. నొక్కకండి. హ్యాంగ్ కాలేదు, చెవి పెట్టి కూర్చుంది. ఇప్పుడు బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్, కోలన్, 8000 కొట్టండి. పేరు వచ్చిందా? వచ్చినవాళ్లు మీ మొదటి సర్వర్ లేపినట్టే. ఇంత చిన్నదా అనుకుంటున్నారా? ఇంత చిన్నదే.

ఇప్పుడు బ్రౌజర్‌ను వదిలేసి మళ్లీ టెర్మినల్ చూడండి. లోకమంతా బ్రౌజర్ వైపు చూస్తుంది, బ్యాకెండ్ వాళ్లం మనం చూడాల్సింది ఇటువైపు. కొన్ని లైన్లు వచ్చాయి కదా. మొదటి దాంట్లో 127.0.0.1 అని ఉంది. అడిగింది ఎవరు అనేది అది. తర్వాత తేదీ, టైము. తర్వాత కొటేషన్లలో గెట్, ఒక ఏటవాలు గీత, హెచ్‌టీటీపీ 1.1, అంటే బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే భాష. ఏం అడిగారు అనేది అది. చివర 200, అడిగింది ఇచ్చాం అని. చివరి లైన్ చదవండి. గెట్, ఫెవికాన్ డాట్ ఐకో, చివర 404. ఈ ఫెవికాన్ మీరు అడిగారా? అడగలేదు. ట్యాబ్ మీద చిన్న బొమ్మ ఉంటుంది చూడండి, దాని కోసం బ్రౌజరే తనంతట తాను అడిగింది. మన దగ్గర లేదు కాబట్టి సర్వర్ లేదు పొమ్మంది. అంటే మీకు తెలియకుండా మీ సర్వర్‌తో ఎవరో మాట్లాడారు, అది ఈ లైన్‌లో పడింది. లాగ్ అంటే ఇదే. ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం ఈ లైన్లు చదవడమే.

ఒక హెచ్చరిక. ఇండెక్స్ ఫైలు లేని ఫోల్డర్‌లో దీన్ని నడిపితే అందులోని ఫైళ్లన్నీ లిస్టుగా చూపిస్తుంది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఆత్రంగా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో నడిపాను. అదే వైఫైలో ఉన్న రూమ్మేట్లు నా సప్లీల మెమో తెరిచి, పైకి చదివి వినిపించుకున్నారు. ఇది నేర్చుకోవడానికి మాత్రమే. అసలు సైట్లకు వాడొద్దని పైథాన్ వాళ్లే డాక్యుమెంటేషన్‌లో రాసిపెట్టారు.

ఇప్పుడు నిజం చెప్పండి. ప్రాజెక్టు చేసి, లోకల్‌హోస్ట్ లింకు వాట్సాప్‌లో పెట్టి, "మామా, చూడరా" అని పంపినవాళ్లు ఎంతమంది? సిగ్గుపడకండి, నేను కూడా పంపాను. చేతులు లేస్తున్నాయి, బాగుంది. అవతలివాడు ఏమన్నాడు? ఓపెన్ అవట్లేదు అన్నాడు. ఎందుకవుతుంది? లోకల్‌హోస్ట్ అంటే 'నేను' అని అర్థం. మీరు పలికితే మీరు, వాడు పలికితే వాడు. వాడి ఫోన్ తనలో తానే వెతుక్కుంది, ఏమీ దొరకలేదు.

దీనికి ఇంకో మెలిక ఉంది. ప్రోగ్రామ్ చెవి పెట్టేటప్పుడు ఏ గుమ్మం దగ్గర పెట్టాలో కూడా చెప్పాలి. 127.0.0.1 దగ్గర పెడితే ఇంట్లోవాళ్ల మాటే వింటుంది. 0.0.0.0 దగ్గర పెడితే ఈ మిషన్‌కు ఉన్న అన్ని గుమ్మాల దగ్గరా వింటుంది. మీలో ఫ్లాస్క్ వాడేవాళ్లు ఉంటారు, పైథాన్‌లో వెబ్ యాప్‌లు రాసే పనిముట్టు అది. ఫ్లాస్క్ మనం ఏం చెప్పకపోతే 127.0.0.1, పోర్ట్ 5000 తీసుకుంటుంది. అందుకే పక్కనే ఉన్న ఫోన్‌లో కూడా తెరుచుకోదు. ఇందాకటి పైథాన్ సర్వర్ అలా కాదు, అన్ని గుమ్మాల దగ్గరా వింటుంది. మీ ల్యాప్‌టాప్, ఫోన్ ఒకే హాట్‌స్పాట్ మీద ఉంటే, ల్యాప్‌టాప్ ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రస్, చూసి, 192.168 తో మొదలయ్యేది ఏదో ఉంటుంది, దాని పక్కన కోలన్ 8000 పెట్టి ఫోన్‌లో కొట్టి చూడండి. 192 కాకపోతే 10 తోనో 172 తోనో మొదలవుతుంది, కంగారు పడకండి. విండోస్ మధ్యలో ఫైర్‌వాల్ అనుమతి అడుగుతుంది, ఇవ్వండి. ఫైర్‌వాల్ అంటే బయటి నుంచి వచ్చేవాళ్లను ఆపే కాపలా.

ఈ కోలన్ పక్కన అంకె సంగతి కూడా తేల్చేద్దాం. ఐపీ అడ్రస్ బస్టాండ్ అనుకుంటే పోర్ట్ ప్లాట్‌ఫారం. హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ లోపలికి పోయి, మన నల్లగొండ బస్సు ఆగే ప్లాట్‌ఫారం వదిలేసి వేరే దాని మీద గంట నిలబడితే బస్సు వస్తుందా? బస్టాండ్ సరైందే, ప్లాట్‌ఫారం తప్పు. పోర్టులు 65,535 దాకా ఉన్నాయి. 80 హెచ్‌టీటీపీకి, 443 దానికే తాళం వేసిన హెచ్‌టీటీపీఎస్‌కు, 22 ఎస్ఎస్‌హెచ్‌కు, అంటే దూరంలో ఉన్న మిషన్‌లోకి పోయి కమాండ్లు కొట్టే దారికి. 1024 కంటే కింద ఉన్నవాటి మీద కూర్చోవాలంటే లినక్స్‌లో మామూలుగా రూట్ అధికారం, అంటే మిషన్ యజమాని అధికారం, కావాలి. అందుకే మన యాప్‌లు 3000, 5000, 8000 అంటూ పైన కూర్చుంటాయి.

ఇక్కడ కాసేపు కంప్యూటర్లు పక్కన పెడదాం. మాది మిర్యాలగూడ వైపు ఒక ఊరు. సాగర్ ఎడమ కాల్వ కింద చివరి భూములు. చివరి భూములంటే ఏంటో ఇక్కడ సగం మందికి విడమరిచి చెప్పక్కర్లేదు. పేపర్లో 'ఎడమ కాల్వకు నీటి విడుదల' అని వస్తుంది. మా మడికి రాదు. వారబందీలో మా వంతు రాత్రిపూట పడితే నాయిన పార భుజాన వేసుకుని బయల్దేరేవాడు, టార్చిలైటు పట్టుకుని వెనక నేను. అప్పుడు ఆరో తరగతి. గట్టు మీద కప్పల అరుపులు, ఎక్కడ పాము ఉంటుందోనని నాకు టెన్షన్. నాయిన ఏం చేసేవాడో చెబుతాను, వినండి. ఆయన 'నీళ్లు ఎందుకు రాలేదు' అని ఎప్పుడూ అనేవాడు కాదు. 'నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయి' అనేవాడు. మడి దగ్గర మొదలుపెట్టి ఎగువకు నడిచేవాళ్లం. పిల్ల కాల్వలో తడి ఉందా? లేదు. తూము దగ్గర? తూములోకి నీళ్లు వస్తున్నాయి, అవతలికి రావట్లేదు. అంటే అడ్డం తూములోనే ఉంది. చెయ్యి పెట్టి లాగితే తూటికాడ తీగలు. ఒకసారైతే యూరియా బస్తా. ఇంకోసారి మైనర్ కాల్వలోనే నీళ్లు లేవు, అంటే మన తూము గెలికి లాభం లేదు, పైన ఎవరో గండి కొట్టుకున్నారు. తడి ఉన్న చివరి చోటు ఏది, పొడిగా ఉన్న మొదటి చోటు ఏది. ఆ రెండింటి మధ్యే ఉంటుంది తప్పు.

పదేళ్లుగా నేను ఉద్యోగంలో చేసేది ఇదే. పార లేదు, అంతే.

మీ సైట్ తెరుచుకోలేదు. కొత్తవాళ్లు ఏం చేస్తారు? ఎర్రర్ కాపీ చేసి ఎక్కడో అడుగుతారు, వచ్చిన పది కమాండ్లు వరసగా కొడతారు. ఏది పని చేసిందో తెలియదు, ఏది పాడు చేసిందో తెలియదు. అది మడి దగ్గర నిలబడి కనిపించిన ప్రతి గట్టూ తవ్వడం. దానికి బదులు నడవండి. రిక్వెస్ట్ బ్రౌజర్‌లో బయల్దేరింది. పేరు అడ్రస్‌గా మారాలి, అది డీఎన్ఎస్. ఆ అడ్రస్ ఉన్న మిషన్‌ను చేరాలి. ఫైర్‌వాల్ దాటాలి. పోర్ట్ మీద ఎవరో కూర్చుని ఉండాలి. వాళ్లు మీ యాప్‌ను పిలవాలి. యాప్ డేటాబేస్‌ను అడగాలి. ఎక్కడిదాకా వచ్చింది?

రెండు ఎర్రర్ల తేడా చెబుతాను, ఇది తెలియక నేను ఎన్ని రాత్రులు పాడు చేసుకున్నానో. ఒకటి 'కనెక్షన్ రెఫ్యూజ్డ్'. రెండోది 'కనెక్షన్ టైమ్డ్ అవుట్'. చూడటానికి రెండూ ఒకటే, పేజీ రాలేదు. కానీ ఒకటే కాదు. మీరు ఒకరి ఇంటికి పోయి తలుపు కొట్టారు. లోపల్నుంచి "ఆయన లేడు, పో" అన్నారు. వెంటనే అన్నారు. అది రెఫ్యూజ్డ్. మామూలుగా దానర్థం మీరు ఆ ఇంటిదాకా పోయారు, కానీ ఆ పోర్ట్ మీద ఎవరూ కూర్చోలేదు. ప్రోగ్రామ్ నడవట్లేదు, లేదా వేరే గుమ్మం దగ్గర వింటోంది. ఇంకో ఇంటికి పోయారు. కొట్టారు, కొట్టారు, ఉలుకూ లేదు పలుకూ లేదు. అది టైమ్డ్ అవుట్. ఎక్కువసార్లు మధ్యలో ఫైర్‌వాల్ నిశ్శబ్దంగా మింగేసిందని, లేదా అడ్రసే తప్పని. రెఫ్యూజ్డ్ వస్తే మిషన్ లోపల వెతకండి. టైమ్డ్ అవుట్ వస్తే బయట వెతకండి. ఇది రాసుకోండి. మొదటిదాని కోసం మిషన్ లోపల కొట్టాల్సిన కమాండ్: ఎస్ఎస్, మైనస్ టీఎల్ఎన్‌పీ, ముందు సుడో, అంటే రూట్ అధికారంతో నడుపు అని. ఏ పోర్ట్ మీద, ఏ గుమ్మం దగ్గర, ఏ ప్రోగ్రామ్ కూర్చుందో వరసగా చూపిస్తుంది.

బయటి మిషన్

ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే సైట్ పెట్టి లోకానికి చూపించొచ్చు కదా అని అడుగుతారు. పెట్టొచ్చు, కానీ మన ఇళ్లకు వచ్చే నెట్‌లో, ముఖ్యంగా మొబైల్ డేటాలో, చాలామందికి సొంత పబ్లిక్ అడ్రస్ ఉండదు. పాత తరహా ఐపీ అడ్రస్‌లు మొత్తం కలిపి సుమారు 430 కోట్లే. అందుకని కంపెనీలు ఒకే అడ్రస్ వెనక ఎన్నో ఇళ్లను పెడతాయి. మీరు బయటికి పోగలరు, బయటివాళ్లు మీ దాకా రాలేరు. ఆ పైన కరెంటు పోతే సైటూ పోతుంది. అందుకే ఒక చిన్న లినక్స్ మిషన్ అద్దెకు తీసుకుంటాం. నెలకు అయిదు వందల లోపు దొరికేవి ఉన్నాయి, నలుగురు కలిసి ఒకటి తీసుకోండి, ఛాయ్ ఖర్చు. ఉబుంటులో ఎల్‌టీఎస్ అని ఉన్నది ఎంచుకోండి, దానికి అయిదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

దానిలోకి ఎస్ఎస్‌హెచ్‌తో పోతాం. పాస్‌వర్డ్‌తో కాదు, కీతో, అంటే మీ ల్యాప్‌టాప్‌లో దాచుకునే ఒక రహస్య ఫైలుతో. ఎందుకు? ఇదిగో నా మిషన్‌లో ఆథ్ డాట్ లాగ్ చూడండి. ఈ మిషన్ గురించి నేను ఎవరికీ చెప్పలేదు, దీని మీద ఏ సైటూ లేదు. నిన్న సాయంత్రం తీసుకున్నాను. అయినా చూడండి, రూట్ అని ప్రయత్నం, ఫెయిల్డ్. అడ్మిన్, ఫెయిల్డ్. టెస్ట్, ఫెయిల్డ్. రాత్రంతా. ఎవరో నా మీద పగబట్టలేదు. లోకంలోని అడ్రస్‌లన్నిటినీ వరసగా తట్టుకుంటూ పోయే ప్రోగ్రామ్‌లు ఇవి. సంతలో ప్రతి జేబూ తడిమేవాడికి మీ పేరుతో పనేముంది? పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయండి, ప్రైవేట్ కీ ఎవరికీ పంపకండి, దయచేసి గిట్‌హబ్‌లో పెట్టకండి.

తర్వాత ఫైర్‌వాల్. సాగర్ డ్యాంకు గేట్లు ఎన్ని? 26, ఇక్కడివాళ్లు ఈ మాత్రం చెప్పకపోతే ఎట్లా. ఆ 26 ఎప్పుడూ ఎత్తే ఉంచుతారా? వరద వచ్చినప్పుడు, కావాల్సినన్నే ఎత్తుతారు. మీ మిషన్ కూడా అంతే. 22, 80, 443. ఈ మూడు చాలు. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే పనిముట్టు ఉంది, దాంతో చేస్తాం. క్రమం మాత్రం తప్పొద్దు. ముందు ఎస్ఎస్‌హెచ్‌కు అనుమతి ఇవ్వాలి, తర్వాతే ఫైర్‌వాల్ ఎనేబుల్ చేయాలి.

నేను తప్పాను. మొదటి ఉద్యోగం, చేరి రెండు నెలలు. ముందు ఎనేబుల్ కొట్టాను. అది అడిగింది కూడా, ఉన్న ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్లకు ఇబ్బంది రావచ్చు, సరేనా అని. వై కొట్టాను. ఏమీ కాలేదు! అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్ అలాగే నడిచింది. అంతా బాగుందనుకుని ల్యాప్‌టాప్ మూసి ఇంటికి పోయాను. పొద్దున వస్తే టైమ్డ్ అవుట్. మళ్లీ కొట్టినా టైమ్డ్ అవుట్. ఇంట్లోంచి బయటికొచ్చి, లోపల గడియ పడేట్టు తలుపు లాగేశానన్నమాట. మిషన్ అద్దెకిచ్చేవాళ్ల వెబ్‌సైట్‌లో కన్సోల్ అని ఒక బటన్ ఉంటుందని, దాంతో దొడ్డిదారిన లోపలికి పోవచ్చని మా సీనియర్ చూపించేదాకా నాకు చెమటలే. ఇంకో మాట, చాలాచోట్ల మిషన్ బయట వాళ్ల ఫైర్‌వాల్ ఇంకోటి ఉంటుంది. అంటే రెండు తూములు. లోపలిది తెరిచి బయటిది మరిచిపోవడం అందరూ చేసేదే.

ముందు నిలబడేది, వెనక పని చేసేది

ఇప్పుడు ఎన్‌జింక్స్, గుమ్మం దగ్గర నిలబడే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్. పేరు పలికేది 'ఇంజిన్ ఎక్స్' అని. 2004లో ఇగోర్ సిసోయెవ్ అనే రష్యా ఇంజినీర్ బయటికి విడుదల చేశాడు. అప్పటికి అపాచీ అనే ఇంకో వెబ్ సర్వర్ రాజ్యం, అది 1995 నుంచి ఉంది. వచ్చిన ప్రతి కనెక్షన్‌కు ఒక ప్రాసెస్‌నో థ్రెడ్‌నో కేటాయించడం అపాచీ పాత పద్ధతి. పెళ్లిలో ఒక్కో అతిథి వెనక ఒక్కో వడ్డించేవాడిని నిలబెట్టినట్టు. పదివేల మంది వస్తే? ఎన్‌జింక్స్‌లో కొద్దిమందే బంతి అంతా తిరుగుతూ, ఎవరి విస్తరిలో ఏం ఖాళీ అయిందో చూసి వడ్డిస్తారు.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎన్‌జింక్స్. మిషన్ అడ్రస్ బ్రౌజర్‌లో కొడితే స్వాగతం పేజీ వస్తుంది. అది వచ్చిందంటే 80వ పోర్ట్ దాకా తడి ఉన్నట్టు. ఇక మన యాప్‌ను దాని వెనక పెట్టాలి. సైట్స్ అవైలబుల్ ఫోల్డర్‌లో ఒక ఫైలు రాసి, సైట్స్ ఎనేబుల్డ్‌లో దానికి లింకు పెడతాం. ఆ ఫైల్లో ముఖ్యమైన లైన్ ఒక్కటే, ప్రాక్సీ పాస్, 127.0.0.1 కోలన్ 8000. వచ్చినవాళ్లను వెనక గదిలోకి పంపు అని. చూశారా, ఇందాక 127.0.0.1 మనకు అడ్డంకి, ఇక్కడ అదే కావాలి. యాప్ ఇంట్లోవాళ్ల మాటే వినాలి, బయటివాళ్లు ఎవరైనా ఎన్‌జింక్స్ ద్వారానే రావాలి. ఫ్లాస్క్ వాళ్లు యాప్‌ను గునికార్న్ అనే అసలు సైట్లకు పనికొచ్చే సర్వర్‌తో నడపండి, ఫ్లాస్క్‌తో వచ్చే సర్వర్ డెవలప్‌మెంట్‌కు మాత్రమే.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూశారు కదా, ఇక్కడికి దగ్గరే. గర్భగుడిలో పగలంతా ఒకటే నీడ, ఒక స్తంభం నీడలాగే ఉంటుంది. ఆ స్తంభం ఏదని వెతికితే దొరకదు. ఒక స్తంభానిది కాదు, కొన్ని స్తంభాల మీదుగా వచ్చే వెలుగు కలిసి అలా పడుతుందని చెబుతారు. మీ సైట్ కూడా చూసేవాడికి ఒకటే. వెనక ఒక యాప్ ఉందో నాలుగు ఉన్నాయో వాడికి తెలియదు, తెలియక్కర్లేదు.

కాన్ఫిగ్ మార్చిన ప్రతిసారీ ఎన్‌జింక్స్ మైనస్ టీ కొట్టండి. సెమీకోలన్ ఒక్కటి మరిచినా ఏ లైన్‌లోనో చెబుతుంది. బాగుందన్నాకే రీలోడ్. ఈ రెండు కమాండ్లు కవల పిల్లలు, విడదీయకండి.

ఎస్ఎస్‌హెచ్ మూసేయగానే యాప్ కూడా పోతుంది. ఎందుకంటే మీరు దాన్ని మీ టెర్మినల్‌కు కట్టేశారు. మన దగ్గర బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉండేవి గుర్తున్నాయా? రాత్రి కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు తనంతట తాను లేచేది. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చాక వాటిని తీసేయమన్నారు. సర్వర్‌కు మాత్రం ఆటో స్టార్టర్ ఉండి తీరాలి. దాని పేరు సిస్టమ్‌డీ. ఒక చిన్న సర్వీస్ ఫైలు. ఏ యూజర్ పేరుతో, ఏ ఫోల్డర్‌లో, ఏ కమాండ్ నడపాలి, చస్తే లేపాలా. రీస్టార్ట్ ఈక్వల్స్ ఆల్వేస్. తర్వాత సిస్టమ్ సీటీఎల్ స్టార్ట్ ఒకటి, ఎనేబుల్ ఒకటి. స్టార్ట్ అంటే ఇప్పుడు లేపు. ఎనేబుల్ అంటే మిషన్ లేచినప్పుడల్లా లేపు. స్టార్ట్ ఒక్కటే కొట్టి వదిలేస్తే, మిషన్ రీబూట్ అయిన రోజు మీ సర్వర్ మా అమ్మమ్మ చెప్పినట్టు పండుకుంటుంది.

డొమైన్, సర్టిఫికెట్ తొందరగా చెప్పేస్తాను, అవి తేలికే. డొమైన్ అంటే సైట్ పేరు, అది కొన్నచోట 'A' రికార్డ్ అని ఒకటి పెట్టి మిషన్ అడ్రస్ రాయండి. తాళం గుర్తు కోసం లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా సర్టిఫికెట్ ఇస్తుంది, సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ తెచ్చి పెడుతుంది. 90 రోజులకు గడువు తీరుతుంది, అదే రెన్యువల్ చేసుకుంటుంది. ముందు డీఎన్ఎస్ సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకుని, 80వ పోర్ట్ తెరిచే ఉంచి, అప్పుడు నడపండి.

ఇప్పుడు మాట ఇచ్చినట్టు పండబెడదాం. యాప్ ఆపేస్తున్నాను. ఎన్‌జింక్స్ నడుస్తూనే ఉంది. రీఫ్రెష్. 502 బ్యాడ్ గేట్‌వే. ఎక్కడిదాకా వచ్చింది? చెప్పండి. ఎన్‌జింక్స్ దాకా, అవును చెల్లే, కరెక్ట్. ఎందుకంటే ఈ 502 పేజీ ఇచ్చిందే ఎన్‌జింక్స్. అంటే డీఎన్ఎస్, ఫైర్‌వాల్, పోర్ట్ అన్నీ తడిగానే ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. ఇప్పుడు వార్, లాగ్, ఎన్‌జింక్స్, ఎర్రర్ డాట్ లాగ్. చివరి లైన్ చదవండి. కనెక్ట్ ఫెయిల్డ్, బ్రాకెట్లో 111, కనెక్షన్ రెఫ్యూజ్డ్, వైల్ కనెక్టింగ్ టు అప్‌స్ట్రీమ్. ఇందాకటి రెఫ్యూజ్డే. వెనక గదిలో ఎవరూ లేరు. అది చెబుతూనే ఉంది, మనం చదవం. ఈ లాగ్‌లో మూడు అంకెలు గుర్తు పెట్టుకుంటే మీ మొదటి ఏడాది గడిచిపోతుంది. 111, అవతల ఎవరూ లేరు. 13, ఫైలు ఉంది కానీ చదివే హక్కు లేదు. 2, ఆ పేరుతో ఫైలే లేదు. యాప్ ఎందుకు చచ్చిందో తెలుసుకోవాలంటే జర్నల్ సీటీఎల్, మైనస్ యు, మీ సర్వీస్ పేరు. లేపుతున్నాను. రీఫ్రెష్. వచ్చింది.

ప్రశ్నలు. మైకు లేదు, గట్టిగా అడగండి.

"అక్కా, గిట్‌లో పుష్ కొడితే సైట్ వచ్చేసే సర్వీసులు ఉన్నాయి కదా, ఇదంతా ఎందుకు?" బాగుంది. వాడండి, నేనూ వాడతాను. వాటి లోపల నడిచేది కూడా ఇదే. అక్కడ కూడా ఒక రోజు 502 వస్తుంది, అదే పేజీ, అదే అంకె. మీ యాప్ 127.0.0.1 దగ్గర వింటోందని, 0.0.0.0 దగ్గర వినాలని అప్పుడు మీకు తట్టాలి. పైగా ఇంటర్వ్యూలో, బ్రౌజర్‌లో అడ్రస్ కొడితే ఏమవుతుంది అని అడుగుతారు. గట్టు వెంట నడిచినవాళ్లు చెప్పే జవాబు వేరేగా ఉంటుంది.

"అపాచీ నేర్చుకోవాలా, ఎన్‌జింక్స్ నేర్చుకోవాలా?" ఏదో ఒకటి. అపాచీ కూడా ఇప్పుడు పాత పద్ధతిలోనే లేదు, మారింది. నేను ఎన్‌జింక్స్‌తో మొదలుపెట్టమంటాను, కాన్ఫిగ్ చిన్నగా ఉంటుంది కాబట్టి.

"డాకర్?" యాప్‌ను దానికి కావాల్సినవాటితో సహా పెట్టెలో కట్టి నడిపే పనిముట్టు. అది, ఇదంతా ఒకసారి చేత్తో చేశాక.

ఆ చివర తమ్ముడు ఏదో అంటున్నాడు. 403, అంటే చూసే అనుమతి లేదని వస్తోందా? ఫైళ్లు ఎక్కడ పెట్టావు? నీ హోమ్ ఫోల్డర్‌లో. సరే. పక్కవాడు ఏమంటున్నాడు, సీహెచ్‌మోడ్ 777 కొట్టమంటున్నాడా? కొట్టకు, ఆగు. అది అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేయడం, ఇంటి తలుపులు పీకేయడం. ఎన్‌జింక్స్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డేటా అనే యూజర్ పేరుతో నడుస్తుంది, దానికి నీ ఇంట్లోకి వచ్చే హక్కు ఉందో లేదో చూడాలి. నా అనుమానం ఏంటో ఇప్పుడే చెప్పను. ఎర్రర్ లాగ్ తెరిచి, బ్రాకెట్లో ఏ అంకె ఉందో చదివి పెట్టు, అక్కడికే వస్తున్నా.